సున్నా బిల్లు సంసారం

మా ఊళ్లో పర్యావరణం మీద ఎవరైనా నాలుగు మాటలు చెప్పాలంటే నన్ను పిలుస్తారు. జనగామకు ఇవతల ఒక మండల కేంద్రం మాది. అక్కడ ఒక ప్రైవేటు బడిలో నేను ఫిజిక్స్ సారును. డిసెంబర్ 14 జాతీయ ఇంధన పొదుపు దినం. దేశంలో 1991 నుంచి జరుపుతున్నారు, మా బడిలో నేను చేరినప్పటి నుంచి జరుపుతున్నారు. ఆ పొద్దు ప్రార్థన కాగానే పిల్లలను ఎండలో నిలబెట్టి, "శక్తిని పుట్టించలేము, నశింపజేయలేము, కరెంటు బిల్లును మాత్రం తగ్గించగలము" అని మొదలుపెడతాను. ఏటా అదే మాట కాబట్టి చప్పట్లు ఎక్కడ కొట్టాలో వాళ్లకు తెలుసు. గోడల నిండా చార్టులు వెలుస్తాయి. జ్వరం వచ్చి నోట్లో థర్మామీటరు పెట్టుకున్న భూగోళం, కన్నీళ్లు కారుస్తున్న చెట్టు, పళ్లికిలిస్తున్న ఎల్ఈడీ బుగ్గ.

"సారు ఇంట్ల మీటరు తిరుగనే తిరుగదట" అని ఊళ్లో నాకొక పేరుంది. పేరు నిజమే. అది ఎందుకు తిరగదో మా ఇంట్లో ముగ్గురికే తెలుసు. భూగోళం జ్వరానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. నేను నా జన్మలో భూమి కోసం ఒక్క స్విచ్చు ఆపిన పాపాన పోలేదు. ఆపిన ప్రతి స్విచ్చూ 200 అనే ఒక అంకె కోసమే ఆపాను.

తెలంగాణలో తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అంకె సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. 2024 ఫిబ్రవరి 27న గృహజ్యోతి మొదలైంది. మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల లోపు కాల్చిన ఇంటికి సున్నా బిల్లు. ప్రైవేటు బడి జీతం ఎంతో తెలిసినవాళ్లెవరూ నాకు రేషన్ కార్డు ఎందుకుందని అడగరు. 200 దాకా సున్నా, బాగుంది. 201 అయితేనే అసలు కథ. అప్పుడు ఆ ఒక్క యూనిట్‌కు మాత్రమే డబ్బు కట్టి బయటపడదామంటే కుదరదు, మొత్తం బిల్లు మన నెత్తినే. 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 7 రూపాయల 70 పైసలు. అంటే 201వ యూనిట్ ఖరీదు టారిఫ్ కాగితంలో 7 రూపాయల 70 పైసలు, మా ఇంటి లెక్కలో 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం అదనం. ఒక్క యూనిట్ అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక గంట. వెయ్యి రూపాయలకు ఒక గంట ఇస్త్రీ! ఫిజిక్స్ సారును కదా, ఈ లెక్క తట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫ్యాను కూడా ఆపుకుని పడుకున్నాను కాబట్టి అసలే పట్టలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో తెల్లవారడం అంటే నేను లుంగీ ఎగ్గట్టుకుని, మెట్ల కింద మీటరు ముందు నిలబడి, అందులో ఎర్ర చుక్క మిణుకుమనడం చూస్తూ అంకెలు చదవడం. తిథులు, వర్జ్యాలు చూసుకునే క్యాలెండర్ మీద రోజు రోజుకూ రీడింగులు ఎక్కాయి. ఏకాదశి గడిలో 4.8, అమావాస్య గడిలో 6.1. మా అమ్మ ఒకరోజు పంచాంగం చూద్దామని వచ్చి, "ఇదేందిరా, ఏకాదశి ఎన్నడో అగుపడకుంట రాస్తివి?" అంది. రాత్రి అన్నం తిన్నాక లైటు కింద కూర్చుని ఆ రోజు ఖర్చయిన యూనిట్లను వస్తువుల వారీగా పంచేవాణ్ని. ఫ్రిజ్జుకు ఇంత, మోటరుకు ఇంత, ఎవరి ఖాతాలోకీ రానిది నాలుగో వంతు. ఆ నాలుగో వంతు ఎవరు తిన్నారని ఇంటివాళ్లను అనుమానంగా చూసేవాణ్ని. మా ఇంటామె ఒకసారి గిన్నెలు తోముతూనే అంది: "లెక్క రాసే బుగ్గ ఆర్పు ముందుగాల. నీ లెక్క తేలెవరకు అరయూనిట్ గాలుతది."

అర యూనిట్ కాలదు, 9 వాట్ల బుగ్గకు అర యూనిట్ కాలాలంటే యాభై అయిదు గంటలకు పైగా వెలగాలి అని వివరించబోయాను. ఆమె అప్పటికే బుగ్గ ఆర్పేసింది.

బుగ్గల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. నా చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీద ఒకటే 60 వాట్ల బుగ్గ ఉండేది. దాని కిందే చదువు, తిండి, పురుగులు. దాన్ని వెలిగించే ముందు మా నాయిన ఒకసారి ఆకాశం వైపు చూసేవాడు, ఇంకా కొంచెం వెలుతురు మిగిలి ఉందేమోనని. తర్వాత 2015 జనవరి 5న కేంద్ర ప్రభుత్వం ఉజాలా పథకం తెచ్చింది. 2014లో ఒక్కొక్కటి 310 రూపాయలకు కొన్న ఎల్ఈడీ బుగ్గను ప్రభుత్వ సంస్థ టోకున టెండర్లు పిలిచి పిలిచి 2016 నాటికి 38 రూపాయలకు దించింది. దేశం మొత్తం మీద 36 కోట్లకు పైగా పంచారు. మన దేశంలో ఒక వస్తువు ధర ఇంతగా పడిపోవడం, అదీ ప్రభుత్వం చేతి మీదుగా, నేను చూసింది ఇదొక్కటే. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం వణుకుతుంది కూడా.

మరి మా ఇంట్లో ఏం జరిగింది? 60 వాట్లు పోయి 9 వచ్చాయని మా అమ్మకు చెప్పాను. "అంటే ఒక్క బుగ్గ జాగల ఆరు బుగ్గలు పెట్టుకోవచ్చన్నట్టు" అంది. భాగహారం సరిగ్గానే చేసింది. గేటుకు ఒకటి, బావి గచ్చు దగ్గర ఒకటి, తులసికోటకు ఒకటి, పాములు వస్తున్నాయని జామచెట్టు కింద ఒకటి, మెట్లకు ఒకటి. ఆరోది ఎక్కడ పెట్టాలో తోచక బాత్రూం బయట పెట్టించింది. లోపల ఒకటి ఎలాగూ ఉంది. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లండు ఆయన బొగ్గు మీద ఒక పుస్తకం రాశాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం నేర్చుకునే కొద్దీ దేశం కాల్చే బొగ్గు తగ్గదు, పెరుగుతుంది అని ఆయన వాదన. చవకైతే మరో పదిచోట్ల వాడతారు. నేను ఎమ్మెస్సీలో కూడా చదవని ఆ సంగతిని మా అమ్మ జామచెట్టు కింద నిరూపించింది.

ఆ ఆరు బుగ్గలు గృహజ్యోతి వచ్చిన నెలలో ఆరిపోయాయి. పాములు వస్తే రానీ అన్నాను.

ఫ్యాన్ల విషయంలో మాత్రం నేను నిజంగానే మంచిపని చేశాను, అది దాచుకోను. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్ల మీద స్టార్ గుర్తు తప్పనిసరి చేశారు. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 28 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు ఒక్క ఫ్యాను మీద 17 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లు మార్చాను. నెలకు 50 యూనిట్లు మిగలాలి. మిగిలాయి కూడా, మొదటి నెల. ఆ 50 యూనిట్లు చూసుకుని మా ఇంటామె వాషింగ్ మెషిన్ కొనిపించింది. ఇంకో సంగతి, ఈ ఫ్యాన్లకు రిమోట్లు ఉంటాయి. మూడు ఫ్యాన్లకు మూడు రిమోట్లు, అన్నీ ఒకే రంగు. అర్ధరాత్రి మా గదిలో ఫ్యాను తగ్గిద్దామని నొక్కితే గోడ అవతల అమ్మ గదిలో ఫ్యాను తగ్గకపోవచ్చు గానీ, పొద్దున్నే తన రిమోట్ మా గదిలో కనిపించినందుకు ఆమెకు కోపం మాత్రం హెచ్చేది.

పొదుపు అనగానే అందరూ పెద్ద వస్తువుల వైపు చూస్తారు. నాది చిన్న వస్తువుల మీద పగ. సెల్‌ఫోన్ ఛార్జర్ జేబులో వేసుకుని బడికి తీసుకుపోవడం మొదలుపెట్టాను. ఫిజిక్స్ ల్యాబులో ఫోన్ ఛార్జింగ్ పెట్టి పాఠం చెప్పేవాణ్ని. ఒక ఫోను ఏడాది పొడుగునా రోజూ నింపినా అయిదారు యూనిట్లు మించదు, అంటే నెలకు అర యూనిట్ కూడా కాదు. ఈ లెక్క నాకు తెలుసు. బోర్డు మీద వేసి పిల్లలకు చూపించాను కూడా. అదే సమయంలో నా వెనక టేబుల్ మీద ఫోన్ ఛార్జ్ అవుతున్నది. తర్వాత మా ఇంటామె ఫోను, అమ్మ టార్చిలైటు కూడా నా సంచిలోకి ఎక్కాయి.

బట్టలకు ఇస్త్రీ ఇంట్లో మానేశాం. వీధి మలుపులో బొగ్గుల ఇస్త్రీ బండి ఉంది, అక్కడ వేసేవాణ్ని. జత ఇంత అని డబ్బు ఇచ్చి బొగ్గు కాల్పించి, ఇంట్లో యూనిట్ మిగిలిందని క్యాలెండర్ మీద టిక్కు పెట్టుకునేవాణ్ని. చలికాలంలో స్నానాలకు హీటర్ రాడ్ కూడా మాన్పించాను. బకెట్ నీళ్లకు దాదాపు అర యూనిట్, ముగ్గురికి నెలకు నలభై దాటుతుంది. పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగు ఎక్కింది. పొగ పోయి సరిగ్గా పక్కింట్లోకి దూరేది. పొగను గొట్టం గుండా బయటికి పంపే పొయ్యిని 1950లలోనే హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు గారు రూపొందించారు. ఆ చరిత్ర నేను పాఠంలో చెప్తాను. పెరట్లో మాత్రం మూడు రాళ్లు. పక్కింటి వదిన కళ్లు తుడుచుకుంటూ గోడ మీది నుంచి తొంగిచూసి, "సారు, పర్యావరణమంటే గిదేనా?" అని అడిగింది. నేను వినపడనట్టు కాగులో చెయ్యి పెట్టి చూశాను.

ఆ వదినతో తగాదా పెట్టుకోలేం. ఎందుకంటే ఆమెతో మాకు యూనిట్ల లావాదేవీ ఉంది. నెలాఖరుకు మా రీడింగ్ దగ్గర పడితే మా ఇంటి ఇడ్లీపిండి వాళ్ల గ్రైండర్‌లో తిరుగుతుంది. వాళ్లది దగ్గర పడితే వాళ్ల దుప్పట్లు మా మెషిన్‌లో తిరుగుతాయి. "అక్కా, మీ తాన ఇంకెన్ని ఉన్నయ్?" అని గోడ మీద చక్కెర చేబదులు అడిగినట్టే అడుక్కుంటారు. అమ్మ సీరియల్ నెల చివరి వారం వాళ్లింట్లో, మొదటి వారం మా ఇంట్లో. వీధంతా ఇట్లాగే ఉందని తర్వాత తెలిసింది. మొత్తం కరెంటు ఎప్పటిలాగే కాలుతున్నది, మీటర్ల మధ్య సర్దుబాటు మాత్రం అద్భుతంగా కుదిరింది.

ఒక నెల, దసరాకు చాలా ముందు, సాయంత్రానికే మీటరు 199కి చేరింది. బిల్లు కొట్టే తమ్ముడు ఇంకా మా వీధికి రాలేదు. నేను చెప్పులు వేసుకుని ఊరంతా వెతికితే కుమ్మరివాడలో దొరికాడు. "తమ్మీ, జర ముందు మా ఇంటికి రా" అన్నాను. "లైన్ ప్రకారం వస్త సార్, రేపు పొద్దుగాల మీదే" అన్నాడు. ఇంటికి వచ్చి మెయిన్ ఆఫ్ చేశాను. ముగ్గురం వాకిట్లో వేపచెట్టు కింద మంచాలు వేసుకుని కూర్చున్నాం. వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లు "కరెంటు పోయిందా సారూ?" అని అడిగారు. "పోయింది" అన్నాను. అవతలి ఇళ్లల్లో బుగ్గలు వెలుగుతూనే ఉన్నాయి. ఒక పెద్దమనిషి నా మీద ప్రేమ కొద్దీ లైన్‌మన్‌కు ఫోన్ చేశాడు. పాపం, అతను నిచ్చెన వేసుకుని రాత్రి పూట వచ్చి, స్తంభం ఎక్కి, దిగి, మా మెట్ల కిందకు వచ్చి మెయిన్ చూసి, నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఛాయ్ తాగి పోయాడు. తెల్లవారి ఫ్రిజ్జులో పాలు విరిగిపోయాయి. లీటరున్నర పాలు. మా ఇంటామె ఆ విరిగిన పాలను నా ముందే పొయ్యి మీద పెట్టి, చక్కెర పోసి, కోవా చేసి, నా గిన్నెలో పెట్టింది. "తిను. సున్నా బిల్లు కోవా" అంది. బిల్లు 199 అని వచ్చింది. ఆ కాగితాన్ని నేను ఫిజిక్స్ నోట్స్‌లో దాచాను.

ఇక్కడ నా స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. ఆ నెల 199 దగ్గర ప్రాణాలు బిగబట్టిన మనిషినే ఇంకో నెల ఏం చేశానో చూడండి. వానాకాలం, చల్లగా ఉంది, ఫ్యాన్లు కూడా పెద్దగా తిరగలేదు. బిల్లుకు మూడు రోజులు ఉందనగా మీటరు చూస్తే 150. నేను సంతోషించాలి కదా? మనసులో ఒక రకమైన వెలితి. యాభై యూనిట్లు వదులుకుంటున్నామా? వచ్చే నెలకు కలుపుతారా? కలపరు. ఫోన్‌లో డేటా అయినా కొన్ని ప్యాక్‌లు మిగిలింది కలుపుతాయి. "వాడుకోకపోతే పోతయి" అని ఇంట్లో ప్రకటించాను. ఆ మూడు రోజులు మా ఇంట్లో జాతర. అటక మీది దుప్పట్లన్నీ ఉతికాం, పెళ్లి నాటి పట్టుచీరలతో సహా ఇస్త్రీ చేశాం. పప్పులు, పిండ్లు, కారం పొడులు ఏడాదికి సరిపడా మిక్సీలో పట్టాం. జామచెట్టు కింద బుగ్గ వెలిగింది. అయినా 171 దాటలేదు. చివరి రాత్రి హీటర్‌తో కాళ్లు కడుక్కున్నాను.

ఎండాకాలం సంగతి వేరే. మేలో కూలర్ లేకుండా మా ఊళ్లో మనిషి బతకడు. కూలర్ 180 వాట్లు, పదహారు గంటలు తిరుగుతుంది. పైగా మా అబ్బాయి ఇంజినీరింగ్ కాలేజీ సెలవులకని ల్యాప్‌టాప్‌తో దిగుతాడు. నెల ఇరవయ్యో తేదీకే 200 దాటిపోయింది. దాటిన క్షణం నుంచి ఇంట్లో ఒక విచిత్రమైన స్వేచ్ఛ వచ్చింది. "ఎట్లాగూ పోయింది" అనేది ఆ నెల మా ఇంటి మంత్రం. మోటరు వేసి వాకిలి కడిగాం. మిషన్ భగీరథ నల్లా నీళ్లు కింది సంపులోకి వాటంతటవే వస్తున్నా, ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగి గోడల వెంట కారేదాకా మోటరు నడిచింది. అబ్బాయి పగలు పడుకుని రాత్రి సినిమాలు చూశాడు. నేనే కూలర్ పక్కన ఫ్యాను కూడా వేసుకుని పడుకున్నాను. ఒకవేళ మిగిలించిన ప్రతి యూనిట్‌కూ ఒక రూపాయి తిరిగి ఇస్తామని ఎవరైనా అని ఉంటే నేను 40 యూనిట్లతో నెల గడిపి గాంధీగారి ఆశ్రమానికి దరఖాస్తు పెట్టుకునేవాణ్ని. గీత ఒక్కచోట గీశారు కాబట్టి గీత దగ్గరే నా బుద్ధి ఉంది. గీత గీసినవాళ్ల తప్పు కాదది, వాళ్లు పేదవాళ్ల ఇంట్లో దీపం గురించి ఆలోచించారు. ఫిజిక్స్ సార్ల గురించి ఆలోచించి ఉండరు.

మే బిల్లు చూసి మా ఇంటామె ఒక ఉపాయం చెప్పింది. ఊళ్లో ఇద్దరు ముగ్గురు చేసిందే. పై గదికి వేరే మీటరు, దానికి వేరే రేషన్ కార్డు. అప్పుడు 2025, కొత్త రేషన్ కార్డులు ఇచ్చే కాలం, అత్తమ్మ పేరు మీద వేరే కార్డుకు పెట్టేస్తే ఇంటికి 400 యూనిట్లు. అమ్మ తలుపు పక్కనుంచి వింటున్నది.

"కరెంటు బిల్లు కోసం కన్నతల్లిని వేరు పెడ్తవా కొడుకా?"

నేను సిగ్గుతో చచ్చాను. "లేదమ్మా, ఉత్తగ కాగితం మీదనే" అని గొణిగాను. అమ్మ కాసేపు చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత అంది: "పెడితే పెట్టు గని, ఫ్రిజ్జు నా దిక్కుండాలె."

ఆ బేరం ఫ్రిజ్జు దగ్గర తెగక ఆగిపోయింది.

సోలార్ పెట్టించు సారూ అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. చిత్రం ఏమిటంటే పీఎం సూర్యఘర్ పథకం కూడా ఆ 2024 ఫిబ్రవరిలోనే వచ్చింది, 13న. గృహజ్యోతి కంటే రెండు వారాలు ముందు. కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లు ఆ పైన అయితే 78 వేల రూపాయల రాయితీ. ఒక కిలోవాట్ పలకలు రోజుకు దాదాపు నాలుగు యూనిట్లు ఇస్తాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలో ముఖ్యమంత్రి సొంతూరు కొండారెడ్డిపల్లిలో ఊరు ఊరంతా ఇళ్ల మీద పలకలు పెట్టారు. నేను కూడా ఉత్సాహపడి ఒక సోలార్ ఆయన్ను ఇంటికి పిలిచాను. ఆయన టేపు పట్టుకుని డాబా ఎక్కాడు. డాబా మీద అమ్మ ఎండుమిరపకాయలు, వడియాలు, వాటికి కాపలా ఒక కట్టె. కాపలా కోతుల కోసం. ఆయన కొలతలన్నీ తీసుకుని కిందికి దిగి, కాగితం తీసి అడిగాడు:

"నెలకు బిల్లెంతొస్తది సార్?"

"సున్నా."

ఆయన పెన్ను మూత పెట్టాడు. "సున్నా బిల్లున్న ఇంటికి సోలార్ అమ్ముడు నాతోని గాదు సార్. ఏం మిగులుతదని చెప్పాలె?" అన్నాడు. ఒక ప్రభుత్వం పొదుపు చేస్తే 78 వేలు ఇస్తానంటున్నది, ఇంకొకటి పొదుపు చేయవలసిన డబ్బే లేకుండా చేసింది. ఈ రెండింటి మధ్య టేపు పట్టుకుని నిలబడ్డాడు ఆయన. కోవా పెట్టి పంపించాం.

తడిచెత్త, పొడిచెత్తల విషయంలో నా ఘనకార్యం చెప్పకపోవడమే మంచిది. పాల ప్యాకెట్లు కడిగి, తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసి, గ్రామపంచాయతీ ట్రాక్టర్ వచ్చినప్పుడు వేరుగా ఇచ్చేవాణ్ని. కడగడానికి బిందెడు నీళ్లు. ట్రాక్టర్ మీది ఆయన నా రెండు బుట్టలనూ ఒకేచోట గుమ్మరించి "నమస్తే సార్" అనేవాడు.

ఇక అల్లుడి విషయం. మా అల్లుడు ఉప్పల్‌లో ఉంటాడు, బంగారం లాంటి పిల్లగాడు, నిజమైన పర్యావరణ ప్రేమికుడు. పెట్రోల్ బండి అమ్మేసి ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాడు. 2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ ఆఖరు దాకా మాఫీ చేసింది. ఆ జీవో నంబరు కూడా అతనికి నోటికొచ్చు. దసరాకు మా బిడ్డ ముందే బస్సులో వచ్చింది. అల్లుడు పండుగ ముందురోజు స్కూటర్ మీద వచ్చాడు. బండి దిగుతూనే చెమట తుడుచుకుని, "మామా, పొగ లేదు, చప్పుడు లేదు, ఇక్కడిదాకా పెట్రోల్ చుక్క కాల్చకుంట వచ్చిన" అన్నాడు. నేను కళ్లు చెమర్చి భుజం తట్టాను. అప్పుడు అతను సీటు కింది నుంచి ఛార్జర్ తీసి, "ప్లగ్గు ఎక్కడుంది మామా? నాలుగు శాతం ఉన్నది" అని అడిగాడు.

ఒకసారి పూర్తిగా ఛార్జ్ చేస్తే మూడు యూనిట్ల పైచిలుకు. మీటరు అప్పటికే గీతకు దగ్గర పడుతున్నది. బిల్లు ఇంకా వారం. పండుగకు మేనత్త ఊరు, పెదనాన్న ఊరు, గుళ్లు, గోపురాలు అన్నీ బండి మీదే తిరుగుతారట. నేను మా ఇంటామె వైపు చూశాను. ఆమె జమ్మి ఆకుల బంగారం పంచడానికి పళ్లెం సర్దుతున్నట్టు నటించింది. అల్లుడికి మంచినీళ్లు ఇచ్చి, జరంత ఆలోచించి, నేను నా జీవితంలో అత్యంత శాస్త్రీయమైన అబద్ధం చెప్పాను:

"అల్లుడూ, మా ఇంట్ల వోల్టేజీ మంచిగుండదు. మీ బ్యాటరీకి దెబ్బ. మా బడి ల్యాబుల లైన్ బ్రహ్మాండముంటది."

పదో తరగతి స్పెషల్ క్లాసుల కోసం బడి తాళంచెవి సెలవుల్లో నా దగ్గరే. దసరా అయిదారు రోజులు రోజూ సాయంత్రం బండిని బడికి నడిపించుకుపోయాం. అటెండరు గేటు తీసేవాడు. ల్యాబులో స్కూటర్ ఛార్జ్ అవుతుంటే అల్లుడు గోడల మీది చార్టులు చూస్తూ, థర్మామీటరు పెట్టుకున్న భూగోళం దగ్గర ఆగి, "ఇవన్నీ మీరే వేయించిన్రా మామా? గొప్ప పని" అన్నాడు. నా ఇంట్లో బిల్లు 194తో గట్టెక్కింది.

నవంబర్‌లో కరస్పాండెంట్ సారు పిలిపించారు. ఆయన చేతిలో బడి కరెంటు బిల్లు ఉంది. "సెలవులల్ల బడి బందున్నది గదా, మరి బిల్లు ఎందుకు పెరిగింది సార్?" అన్నారు. నా నోరెండింది. ఆయన నా వైపు గౌరవంగా వంగి, "ఇంధన పొదుపు సంగతి మన ఊళ్లె మీకంటే తెలిసినోళ్లు ఎవరున్నరు? డిసెంబర్ 14 లోపల మీరే ఒక కమిటీ ఏసి, ఎక్కడ పోతున్నదో తేల్చి, ఆ రోజు పిల్లల ముందట చెప్పున్రి" అన్నారు.

ఒప్పుకున్నాను. కమిటీలో నేను, హిందీ మేడం, అటెండరు. మేడం తరగతులన్నీ తిరిగి, టీచర్లు పెట్టిన ఫోన్ ఛార్జర్లు పట్టుకొచ్చారు. వాటిల్లో నావి మూడు. మొదటి తీర్మానం నేనే చెప్పాను, టీచర్లు ఫోన్లు ఇంటి దగ్గరే ఛార్జ్ చేసుకుని రావాలని. అటెండరు తెలుగు బాగా రాస్తాడు కాబట్టి రిజిస్టర్ అతనికిచ్చాం. అతను రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను ఆపి, మేడంకు వినపడకుండా నా దగ్గరికి జరిగాడు.

"సార్, స్కూటర్ సంగతి ఏ పద్దు కింద రాయమంటరు?"

"ప్రయోగాలు" అన్నాను.